గీత మీద పెట్టిన బంతి

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు మా సూర్యాపేటలో ఎవరూ ఎవరినీ నమ్మేవారు కాదు. కొత్త మనిషి కనబడితే ఇటు పోలీసులు కమ్యూనిస్టనీ, అటు కమ్యూనిస్టులు పోలీసు మనిషనీ అనుకునేవారు. పాపం, అతను బియ్యం బేరానికి వచ్చి ఉంటాడు. ఇళ్లలో మాకు చెప్పే నీతి ఒక్కటే: పడి ఉన్న వస్తువును ముట్టకండి. అందులో ఏముందో, ఎవరు చూస్తున్నారో!

అలాంటి రోజుల్లో కోదాడ బడి జట్టుతో మాకు బాస్కెట్‌బాల్ పోటీ పడింది. మా కెప్టెన్‌ది మోతె అనే పల్లె. గెలిస్తే చదువు, ఓడితే నాగలి అని వాళ్ల నాయన ముందే తేల్చేశాడు. తీర్పు అక్కడికక్కడే అమలు చేయడానికి కాబోలు, చేతికర్రతో వచ్చి కోర్టు పక్కనే కూర్చున్నాడు.

రెఫరీ మిర్యాలగూడ నుంచి వచ్చిన డ్రిల్ సారు. పొద్దున ఆయన కోదాడవాళ్లతో చాయ్ తాగడం మావాడొకడు చూశాడు. చాయ్‌లో చక్కెర ఎంత వేశారన్నది కూడా మాలో చర్చకు వచ్చింది.

ఆట చివరికొచ్చేసరికి స్కోరు సమానం. అప్పుడు కోదాడవాడొకడు మా కెప్టెన్‌ను నెట్టాడు. రెఫరీ ఈల వేసి మాకు ఫ్రీ త్రో ఇచ్చాడు. ఎవరూ అడ్డురారు, గీత వెనక నిలబడి బుట్టలోకి విసరడమే. పడితే గెలుపు.

మేం సంతోషించాలి. గుమిగూడి అనుమానించాం.

"చాయ్ వాళ్లది తాగి షాట్ మనకిస్తడా? గిండ్ల ఏదో మతలబున్నది," అన్నాడు ఒకడు.

"చాయ్ బాగలేదేమోరా," అన్నాను. ఎవరూ నవ్వలేదు.

రెఫరీ మళ్లీ ఈల వేశాడు. "ఆజావ్ భాయ్, జల్దీ!" మేం కదల్లేదు. కోదాడ కెప్టెన్ నడుం మీద చేతులు పెట్టుకుని, "ఏవయ్యా, విసురుతారా, ముహూర్తం పెట్టించుకొస్తారా?" అన్నాడు.

అప్పుడు రెఫరీ బంతిని తెచ్చి సున్నపు గీత మీద, నేల మీద పెట్టాడు. వెనక్కి జరిగి, చెయ్యెత్తి లెక్క మొదలుపెట్టాడు. "ఏక్... దో..."

ఆలస్యం చేసే జట్టుకు అదే పద్ధతట. పది లెక్కపెట్టేలోగా బంతి తీసుకుని విసరాలట. ఇదంతా తరువాత తెలిసింది. అప్పటికి మాకు కనబడింది ఒక్కటే: కొత్త మనిషి ఒక వస్తువును నేల మీద పెట్టి, దూరం జరిగాడు.

కెప్టెన్ గీత దాకా వెళ్లి ఆగిపోయాడు.

"ముట్టకురా! ముడితే ఫౌలంటడు, సూడు!" అని వెనకనుంచి ఒకడి కేక.

"బంతిరా అది, బాంబు కాదు," అన్నాను నేను. బాంబు మాట వినగానే మావాళ్లు ఇంకో అడుగు వెనక్కి వేశారు.

"దస్!" ఫ్రీ త్రో పోయింది.

"చాయ్‌కి అమ్ముడువోయిన్రు సారూ!" అని కెప్టెన్ రెఫరీ మీదికి అరిచాడు. కోపంలోనూ 'సారూ' మరవలేదు, అయినా నోరు జారినందుకు టెక్నికల్ ఫౌల్ పడి, ఫ్రీ త్రో కోదాడవాళ్లకు వెళ్లింది. మామూలు ఫ్రీ త్రో దెబ్బ తిన్నవాడే విసరాలి. టెక్నికల్‌కైతే ఎవరినైనా పంపొచ్చు. కోదాడవాళ్లు కొంగలాంటి పొడుగువాణ్ణి పంపారు. వాడు ఎవరినీ అనుమానించకుండా బంతి అందుకుని వేశాడు. పడింది. ఆట ఖతం.

కెప్టెన్ నాయన లేచి కోర్టులోకి వచ్చాడు.

"కింద వెట్టిన బంతి ఎందుకు తియ్యలేదురా?"

"పడున్నదాన్ని ముట్టద్దని నువ్వే జెప్తివి గద నాయినా."

ఇంతలో బుట్ట కిందనుంచి బంతి దొర్లుకుంటూ వచ్చి ఆయన కాళ్ల దగ్గర ఆగింది. ఆయన వంగలేదు. చేతికర్ర మొనతో మెల్లగా పొడిచి చూశాడు.

"సరే, ఇంకో ఏడు సదువు," అని కొడుకుతో అని, రెఫరీ వైపు తిరిగాడు. "సారూ, నీ వస్తువు నువ్వు తీస్కపో."