పడవలో ఆంప్లిఫయర్

రేపల్లె అవతల మా రేవులో, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట రోజుకో చోటికి జరిగేది. తిరిగొచ్చే పడవలకు ఒడ్డు నుంచి కేకేసి దారి చెప్పడం మా ఆనవాయితీ.

డెబ్బైల్లో మా అన్న, పడవలో రేడియో మోత చాలదని తెనాలి మైకుసెట్టు షాపులో ఆంప్లిఫయర్ కొన్నాడు. పెద్ద మొనగాడిలా దాన్ని లారీ బ్యాటరీకి నేనే తగిలించాను.

"చెవులు ఖాళీగా ఉంచుకోవాలిరా," అన్నాడు నాన్న.

"ఊరుకో నాన్నా, నీదంతా చాదస్తం," అన్నాను.

ఆ వారమే ఒక పొద్దున మంచు దట్టంగా కమ్మింది. ముందు పాట వినిపించింది. తర్వాత అన్న పడవ మేట వైపు తిరగడం లీలగా కనిపించింది.

"ఎడమకి తిప్పరా!" అని గొంతులు చించుకున్నాం.

పాటలో ప్రతి మాటా మాకు స్పష్టంగా వినపడుతోంది. మా కేక ఒక్కటీ అన్నకు వినపడలేదు.