పండ్లు కొరికే మోటారు

గ్రీజు వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మొన్న మనవడి కారు మలుపుల్లో గరగరమంటుంటే కామారెడ్డిలో షెడ్డుకు తీసుకుపోయాడు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నేను రోడ్డు మీదే నిలబడ్డాను.

నిజాం కాలంలో ఎల్లారెడ్డి దగ్గర మా ఊరి దొరకు ఒక మోటారు ఉండేది. ఊరి మలుపు తిరిగేటప్పుడు దాని ముందు చక్రం అట్లాగే అరిచేది. మా మీద కోపంతో పండ్లు కొరుకుతోందనుకునేదాన్ని. దొర కనబడ్డవాణ్ణల్లా గడికి, అంటే తన కోటలాంటి ఇంటికి, వెట్టిపనికి తోలుకుపోయేవాడు. అందుకే ఆ చప్పుడు వినగానే మా నాయన, బాపు, జొన్నచేలోకి ఉరికేవాడు.

ఒకనాడు కామారెడ్డి నుంచి మిస్త్రీ వచ్చాడు. చక్రం పైకి లేపి, చేత్తో తిప్పి, చెవి దగ్గర పెట్టి విన్నాడు.

"బేరింగుల దుమ్ము చేరింది దొరా. గ్రీజు ఎండిపోయి రాసుకుంటున్నది."

కడిగి, పిడికెడు గ్రీజు కూరాడు. మోటారుకు అన్నం పెట్టారనుకుని సంబరంగా ఇంటికి ఉరికాను.

"అవ్వా, దాని కడుపు నిండింది! ఇగ కోపం రాదు!"

అవ్వ, అంటే మా అమ్మ, చేతిలోని చేటను నేలకేసి కొట్టింది. "దాని నోట్ల మన్నువడ! ఇగ అది వచ్చుడు మనకెట్ల ఎరికైతది?"

మరునాడు బాపు వాకిట్లో తాడు పేనుతుంటే మోటారు పిల్లిలా వచ్చి వెనక ఆగింది.

"ఏందిరా, ఇయ్యాల ఉరకలే?" అని దొర నవ్వాడు.

మనవడు షెడ్డులోంచి కారు తెచ్చి, "చప్పుడు పోయింది బాపమ్మా, ఎక్కు" అన్నాడు.

నేను ఎక్కలేదు. దూరం నుంచే దడదడలాడుతూ వస్తున్న డొక్కు బస్సుకు చెయ్యెత్తాను.