జతలేని జీడి కత్తి

మొన్న మా ఇంటి ద్వారబంధాలకి చెదలు పట్టాయని వడ్రంగిని పిలిస్తే, అతను మందూ గిందూ ఎందుకండీ అంటూ డబ్బాతో జీడినూనె తెచ్చి కుంచెతో పులమడం మొదలుపెట్టాడు. కాశీబుగ్గలో పుట్టి పెరిగినవాణ్ణి, ఆ నూనె వాసన నాకు కొత్తేమీ కాదు, అయినా ఆ కుంచె అటూ ఇటూ కదులుతుంటే చూస్తూ కూర్చోలేక చెప్పులేసుకుని వీధిలోకి పోయాను. పని చేయించవలసిన మనిషివి ఎక్కడికి పోయావని మా ఆవిడ సాయంత్రం దాకా సణిగింది. ఏం చెప్పను? అదే నూనెని అంతకన్నా శ్రద్ధగా పూసిన మా బావ, అంటే మా అక్క పెనిమిటి, కళ్ళ ముందుకొచ్చాడని చెబితే ఏడుస్తుంది, చెప్పకపోతే తిడుతుంది, తిట్టించుకోవడమే మేలనుకున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. అప్పట్లో నాకు కాశీబుగ్గ బజారులో టీవీలూ టేపురికార్డర్లూ బాగుచేసే కొట్టు ఉండేది. మన ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, పిక్చర్ ట్యూబు పోయిందంటే ఇంటిల్లిపాదీ కొట్టు ముందు నిలబడి డాక్టరు మాట కోసం చూసినట్టు చూసేవారు. బావది కవిటి దగ్గర, కొబ్బరితోటల మధ్య చిన్న పెంకుటిల్లు, జీడి ఫ్యాక్టరీలో ఫిట్టరు పని. తాగుడు లేదు, పేకాట లేదు, ఉన్న పిచ్చల్లా ఇనుము. విశాఖపట్నంలో పాత సామాన్ల కొట్టులో తుప్పుపట్టి పడి ఉన్న చిన్న మిల్లింగు మిషనొకటి కొని లారీ మీద వేయించుకొచ్చి, వసారాలో పెట్టుకుని, ఆదివారం చర్చి నుంచి రాగానే తెల్లచొక్కా మార్చకుండానే దాని ముందు కూర్చుని అక్క చేత చీవాట్లు తినేవాడు. ఎరగనివారి కోసం చెబుతున్నాను, బల్ల మీద ఇనపముక్క బిగించి, ఆ బల్లని రెండు చేతిచక్రాలతో ముందుకీ పక్కకీ జరుపుతుంటే, పైన గిర్రున తిరిగే కట్టరు దాన్ని కావలసిన ఆకారానికి చెక్కుతుంది, అంతే ఆ మిషను.

దానితో ఆయన చెయ్యాలనుకున్నది మా అక్క కోసం ఒక జత కత్తులు. అక్క అదే ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టేది. ఉడికిన జీడిపిక్కని రెండు కత్తుల మధ్య వేళ్ళతో పట్టుకుని మీట నొక్కి పగలగొట్టాలి, పగిలినప్పుడల్లా తొక్కలోని ఆ జీడినూనె వేళ్ళ మీద పడి చర్మాన్ని తినేసేది. బూడిద రాసుకున్నా ఆముదం రాసుకున్నా ఆ వేళ్ళు నల్లబడి పెచ్చులూడుతూనే ఉండేవి, కూరలో కారం తగిలితే మంటని అన్నం కూడా చెంచాతోనే తినేది పాపం. పిక్క వంపుకి సరిపోయే గుంటలున్న కత్తులు పైనొకటీ కిందొకటీ ఉంటే పిక్కని అవే పట్టుకుంటాయి, వేళ్ళు పెట్టక్కర్లేదని బావ ఆలోచన.

ఆ ఆలోచనలో ఉండగానే ఆయనకి కిడ్నీ జబ్బని తేలింది. మా ఉద్దానం ఊళ్ళల్లో అది ఇంటింటి జబ్బు, ఆ మాట వింటే ఎందుకొచ్చిందని ఎవరూ అడగరు, ఈసారి ఎవరింట్లో అని అడుగుతారు. కాళ్ళు పొంగాయి, చేతుల్లో పట్టు పోయింది. ఆ వంపు చెక్కాలంటే రెండు చక్రాలనీ ఒకేసారి, వెంట్రుకవాసి చొప్పున, పూటల తరబడి తిప్పాలి, ఆయనేమో కాసేపు తిప్పి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయేవాడు. ఇంతలో ఫ్యాక్టరీ పని కూడా మానుకోవలసి వచ్చి, ఇల్లంతా అక్క వేళ్ళ మీదే నడవసాగింది. నేను తిప్పుతానంటే ఒప్పుకుంటేనా! "నువ్వు టీవీలు సూసుకో బావా, ఇనుము నీ మాటినదు" అన్నాడు. అదీ నిజమే, నేను తిప్పిన ముక్క ఎలక కొరికినట్టుండేది.

సరే, నాకొచ్చిన విద్య నాకుంది కదా అని, చక్రాలకి మోటార్లు పెడదామన్నాను. అలాంటి సరంజామా కొనాలంటే మా తాహతుకి అందేది కాదు. టెక్కలిలో ఒక టైపింగు కొట్టువాళ్ళు పారేసిన పెద్ద ప్రింటర్లలోంచి, ఒక్కో అడుగు చొప్పున లెక్కగా తిరిగే మోటార్లు రెండు పీకాను. బావ వాటిని పళ్ళబెల్టులతో చక్రాలకి కలిపాడు. ఒక ఇంగ్లీషు పత్రికలో చూసిన బొమ్మ పట్టుకుని, పాత టీవీల్లోంచి తీసిన ట్రాన్సిస్టర్లతో నేనే బోర్డు కట్టి టంకం పెట్టాను. ఎవరో వద్దనుకున్న కంప్యూటరుకి, ప్రింటరు తగిలించే చోట ఈ బోర్డు తగిలిస్తే, ఏ మోటారు ఎన్ని అడుగులు వెయ్యాలో అది చెబుతుంది.

మొదటిసారి నడిపే ముందు పాస్టరు గారిని పిలిచి ప్రార్థన చేయించారు, ఆ ఇంట్లో మేకపిల్లని కొన్నా ప్రార్థన కానిదే కొయ్యకి కట్టరు. కరెంటు పోకుండా చూడమని ఆయన ప్రత్యేకంగా వేడుకుంటే నేను ఎన్నడూ లేనంత గట్టిగా ఆమెన్ అన్నాను. కరెంటు పోలేదు గానీ, తోటలకి నీళ్ళు తోడే మోటార్లు వేసేసరికి వోల్టేజి పడిపోయి, మా మోటార్లు మూలిగి అడుగులు తప్పాయి. ఆ కంప్యూటరుకి చెప్పడమే తెలుసు, మోటార్లు ఆ అడుగులు వేశాయో లేదో తిరిగి చూసుకోవడం తెలియదు, బల్ల మధ్యలో ఆగిపోయినా పని పూర్తయిందనే చూపించేది. అలా ఎన్ని ముక్కలు పాడుచేశామో! చివరికి తోటల్లో నీళ్ళు ఆపే వేళ చూసి పెడితే, ఒక మధ్యాహ్నం, బావ మంచం మీద పడుకుని చూస్తుండగా, రెండు చక్రాలూ వాటంతటవే తిరిగి ఒక కత్తి తయారైంది. అక్క ఆ గుంటలో పిక్క పెట్టింది, చక్కగా కూర్చుంది. బావ నవ్వడం నేను చూసిన ఆఖరిసారి అదే.

రెండోది మొదలెట్టేలోపు కట్టరు మొద్దుబారింది. కొత్తది తెప్పించే రోజుల్లో సముద్రపు గాలికి బోర్డు మీది రాగి గీతలు పచ్చబడటం ఇద్దరం చూశాం, ఈ ఉప్పుగాలి తినేస్తుందేమో అనుకున్నాం, నేను కొట్టుకి వచ్చేశాను. బావ పుట్టింది సముద్రం ఒడ్డున అక్కుపల్లిలో. అక్కడ పడవ చెక్క ఉప్పునీళ్ళు పీల్చకుండా, పురుగు తొలవకుండా జీడినూనె పూస్తారు. మళ్ళీ ఆదివారం నేను వెళ్ళేసరికి బోర్డు రెండువైపులా, ట్రాన్సిస్టర్ల కాళ్ళ సందుల్లో సైతం, నల్లగా నిగనిగలాడుతోంది. ఆ పట్టులేని చేతులతో ఒక్క చుక్క నేల మీద పడకుండా పూశాడు. పూసి, ఎలా ఉందో చూద్దామని స్విచ్చి కూడా వేశాడట. మోటారు ఒక్క గుంజు గుంజుకుని బోర్డు మీంచి పొగ లేచిందని అక్క నెమ్మదిగా చెప్పింది.

ఆరని జీడినూనె రాగిని తినేస్తుందని, కరెంటుని అడ్డదారి పట్టిస్తుందని అప్పుడు చెప్పి ఏం లాభం? ఆయన నా మొహం చూశాడు.

"అంతలేసి పడవని కాసిన నూని, ఈ సిన్న పలకని కాయదేటి అనుకున్నాను బావా."

కోపం వచ్చిందంటే నమ్మండి, ఎవరి మీదో తెలియని కోపం. పెట్రోలుతో కడిగాను, కిరసనాయిలుతో కడిగాను, కడిగినకొద్దీ గీతలు లేచిపోయాయి. కొత్త బోర్డుకి సామాను విశాఖపట్నం నుంచి రావాలి, అది వచ్చేసరికి బావే విశాఖపట్నంలో, రక్తం శుద్ధిచేసే మిషను పక్కన పడుకుని ఉన్నాడు. ఊళ్ళో ఏ టీవీ పోయినా లేపి కూర్చోబెడతాడని పేరున్న నేను, ఆ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, ఆ మిషను దీపాలు వెలగడం, ఆరడం చూస్తూ ఉండేవాణ్ణి. నా చేతిలో ఏముంది గనక? బోర్డు మళ్ళీ కట్టేశాను, నువ్వు రాగానే రెండోది చేద్దామని చెప్తే తల ఊపాడు. వానలు పడకముందే పోయాడు. తర్వాత నేనొక్కణ్ణీ ఆ మిషను ముందు కూర్చున్నాను. మోటార్లు చక్కగానే తిరిగాయి గానీ, ముక్క ఎలా బిగించాలో, కట్టరు ఎంత దించాలో ఆయన చేతికి తెలిసినట్టు నాకు తెలియలేదు, చేసినది ఏదీ మొదటిదానికి జత కుదరలేదు.

ఇప్పుడు కాశీబుగ్గ ఫ్యాక్టరీల్లో పిక్కలు పగలగొట్టే మిషన్లు వచ్చాయి. నేను నెలల తరబడి కట్టిన బోర్డుకన్నా మంచిది, అరచేతిలో ఇమిడేది, ఫోనులో వేలితో నొక్కితే పార్సిలులో ఇంటికొస్తోంది. గాలీ చెమ్మా తగలకుండా పైన పారదర్శకమైన పూత వేసి మరీ అమ్ముతున్నారు. బావ వెతుక్కున్నది ఆ పూతే, ఆయన కాలంలో మా ఊళ్ళో దొరికింది జీడినూనె ఒక్కటే.

వడ్రంగి పని అయిన మర్నాడు అక్క దగ్గరకి వెళ్ళి, బోర్డొకటి తెప్పిస్తానే, మిషను తుప్పు దులిపి ఆ రెండో కత్తి చేయించేద్దామన్నాను. అక్క వేళ్ళ మీద గీతలు ఏనాడో అరిగిపోయాయి, పింఛను ఇచ్చేవాళ్ళ వేలిముద్ర మిషను గుర్తుపట్టకపోతే కళ్ళు చూపించి తీసుకుంటుంది. ఆ వేళ్ళతోనే గూట్లోంచి కత్తి తీసి, కొంగుతో తుడిచి, గుంటలో బొటనవేలు ఆనించి చూసింది.

"ఇప్పుడెవలికిరా?" అంది.

కత్తిని గూట్లో పెట్టేసి, పొద్దుపోయింది తినేసి వెళ్ళమని ఇద్దరికీ అన్నం వడ్డించింది. నేను చేత్తో కలుపుకున్నాను, అక్క చెంచా తెచ్చుకుంది.