చెంబెడు నీళ్ళు

నేను ఎవరినీ తొందరగా నమ్మను. కామారెడ్డిలో ముప్పై ఏళ్ళుగా బోరు మోటార్లు బాగుచేస్తున్నవాడికి అది రోగం కాదు, పానా లాంటి పనిముట్టు. మోటారు దానంతట అదే కాలిపోయిందని రైతు చెబుతాడు. విప్పి చూస్తే నీళ్ళు లేకుండా పొద్దంతా తిప్పిన గుర్తులుంటాయి. లోపలంతా రాగి తీగే అని అమ్మినవాడు ఒట్టు వేస్తాడు. గీకి చూస్తే అల్యూమినియం తెల్లగా బయటపడుతుంది. అందుకే ఎవరేం చెప్పినా ముందు విప్పి చూడడం అలవాటైంది. మోటార్ల వరకు ఆ అలవాటుతో బాగానే బతికాను. మా బావ దగ్గరే పరువు పోగొట్టుకున్నాను.

బావ అంటే ఎల్లారెడ్డిలో ఉన్న మా అక్క భర్త. చాలా ఏళ్ళు గల్ఫ్‌లో ఒక కోల్డ్ స్టోరేజీలో పనిచేసి వచ్చాడు. చలి మాటెత్తితే చాలు, మైనస్ పద్దెనిమిదిలో నిలబడ్డవాణ్ణి అంటూ మొదలుపెడతాడు. అవతలివాళ్ళంతా అప్పుడే ఉయ్యాలలోంచి దిగినట్టు మాట్లాడతాడు. ఒకసారి ఆయన బాగుందన్నాడని దోమకొండలో ఒక పాత మోటారు కొన్నాను. వారం తిరక్కుండానే కాలింది. ఆ రోజు నుంచి ఆయన వాన పడుతోందని చెప్పినా చెయ్యి బయటపెట్టి చూసేవాణ్ణి.

అక్క మాత్రం నాకు ప్రాణం. అమ్మ పోయాక నన్ను పెంచింది తనే. పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టేదాకా చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టేది. ఎదురుగా గోడ మీద ఎవరో ఇచ్చిన పాత క్యాలెండర్ ఉండేది. ఏడాది ఎప్పుడో అయిపోయినా అందులో మంచుకొండ బొమ్మ ఉందని దాన్ని తీయనిచ్చేది కాదు. కొండ చూడాలని కాదు, మంచు పడుతుంటే చూడాలని ఆమె కోరిక. కాని ఆమెకు షుగర్. గంటకోసారి బాత్రూముకు వెళ్ళాలి. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి బస్సెక్కాలన్నా ముందురోజు రాత్రి నుంచే నీళ్ళు మానేసేది. గొంతు ఎండబెట్టుకుని ప్రయాణం చేసే మనిషి ఉత్తరాదికి ఎలా వెళ్తుంది? 

అందుకని బావ దగ్గర మూలనపడి ఉన్న చిన్న బస్సును ఇల్లుబండిగా మార్చాం. కాగితాలన్నీ సరిచేయించాం. సీట్లు పీకి రెండు మంచాలు, ఒక గ్యాస్ పొయ్యి, వెనక మూలకు తలుపున్న బాత్రూము పెట్టాం. మంచం కింద నీళ్ళ ట్యాంకు. అక్కడి నుంచి కుళాయిలకు పైపులు. ఇలాంటి బళ్ళకని ప్రత్యేకంగా ఒక మోటారు దొరుకుతుందని బావ చెప్పాడు. నాకు తెలియని మోటారు నేనెందుకు నమ్ముతాను? ముప్పై ఏళ్ళుగా చేతిలో ఆడుతున్న బీడు ఇనుప డబ్బా మోటారునే చిన్నది చూసి బిగించాను. దానికి ఒక పద్ధతి ఉంది. విప్పి బిగించిన ప్రతిసారీ పైన ప్లగ్గు తీసి, చెంబుతో నిండా నీళ్ళు పోసి, బుడగలు ఆగేదాకా గాలి తీయాలి. ఎండు మోటారును వదిలేయడం మా పనిలో పాపం లెక్క.

చలికాలంలో కొండల్లోకి వెళ్తే పైపుల్లో నీళ్ళు గడ్డకట్టి ఉబ్బి పైపుల్ని చీలుస్తాయని బావ చెప్పాడు. ఉబ్బడమేమిటని నేను వాదించాను. జానెడు పైపు ముక్కకు నీళ్ళు నింపి, రెండు పక్కలా మూతలు బిగించి, మా ఇంట్లో ఫ్రిజ్‌లో ఐసు కట్టే పై అరలో పెట్టాను. తెల్లారి చూస్తే నిలువునా చీలి ఉంది. నేను పైపును నమ్మాను, బావను కాదు. పైపుల్లో పోసే గులాబీ రంగు మందు ఒకటుందని, అది పోస్తే నీళ్ళు గడ్డకట్టవని, విషం కూడా కాదట అని ఆయన అన్నాడు. ఆ ‘అట’ దగ్గరే నాకు అనుమానం వచ్చింది. అక్క తాగే నీళ్ళ దారిలో అలాంటిది పోయనివ్వనని తేల్చిచెప్పాను.

నా పద్ధతి నాది. రోజూ సాయంత్రం ట్యాంకు ఖాళీ చేయాలి, కుళాయిలన్నీ తెరవాలి, బండి అడుగున నీళ్ళు కారిపోవడానికి పెట్టిన ప్లగ్గులు తీయాలి, మోటారు కింది ప్లగ్గు తీసి కార్చాలి. చివర్లో గాలిపంపుతో పైపుల్ని ఊదాలి. పంట అయిపోయాక డ్రిప్పు పైపుల మూతలు తీసి ఊదడం లాంటిదే. పనంతా అయ్యాక ప్లగ్గులన్నీ బిగించి, ప్రతి ప్లగ్గు మీంచి పక్కకు సాగేలా సుద్దముక్కతో గీత గీసేవాణ్ణి. ఎవరైనా ముట్టుకుంటే గీత తప్పుతుంది. ‘ఎవరైనా’ అంటే ఎవరో చెప్పనక్కరలేదు, బండిలో ఉన్నది ముగ్గురమే.

బయల్దేరే రోజు బావ రెండు నీళ్ళ డబ్బాలు, ఒక బకెట్టు, మగ్గు తెచ్చి మంచం కింద దోపాడు. నా పైపుల మీద నమ్మకం లేదా అని అడిగాను. “ఉండనియ్యి, తిండి అడుగుతయా?” అన్నాడు. మనసులో ఏదో పెట్టుకునే అంటున్నాడనుకున్నాను.

కామారెడ్డి పక్కనుంచి పోయే రోడ్డే తిన్నగా ఉత్తరానికి పోతుంది. దాని మీదే వెళ్ళాం. ఆదిలాబాద్ చేరకముందే అక్క రెండు గ్లాసుల నీళ్ళు తాగింది. మా ఇద్దరికీ చూపించి మరీ తాగింది. కాసేపటికి వెనక్కి వెళ్ళి, కుళాయి తిప్పి, చేతులు కడుక్కుని వచ్చి దర్జాగా కూర్చుంది. అంత సంతోషం నేను ఆమె పెళ్ళిలో కూడా చూడలేదు. చండీగఢ్ దాటి కొండలెక్కాక చలికి పళ్ళు టకటకలాడాయి. బావ రెండు రోజులుగా ఇక చాలు, ఇక్కడి నుంచే మళ్ళుదామని నసుగుతున్నాడు. అక్కకు దగ్గు వస్తుందని సాకు చెప్పాడు. నేను అదీ నమ్మలేదు.

మనాలికి ఇవతల ఒక తోట పక్కన బండి ఆపుకున్నాం. ఆ సాయంత్రం మోటారులో గరగర వినిపించింది. నీళ్ళన్నీ కార్చేశాక విప్పి చూస్తే ఇసుక. కడిగి, మళ్ళీ బిగించి, సుద్దగీతలు గీసి, చలికి చేతులు కొయ్యబారిపోగా దుప్పటిలో దూరాను. పడుకునే ముందు కూడా లేచి గీతలు ఒకసారి చూసుకున్నాను.

పొద్దున, రాత్రంతా దుప్పటి కప్పి ఉంచిన రెండు నీళ్ళ డబ్బాల్లో ఒకదాన్ని ట్యాంకులోకి పోసి మోటారు వేశాను. మూలిగింది గాని తిరగలేదు. చెయ్యి పెట్టి చూస్తే మోటారు డబ్బా మీద పైనుంచి కిందికి వెంట్రుకవాసి పగులు. దాని వెంబడి గాజులా మంచుగడ్డ. అక్క అప్పటికే గ్లాసు పట్టుకుని కుళాయి ముందు నిలబడి ఉంది. నీళ్ళు రావని చెప్పగానే గ్లాసును మెల్లగా బోర్లించింది. తాగడం మానేసిందన్నమాట. ఆ బోర్లించిన గ్లాసును చూడగానే నాకు ఒళ్ళు మండిపోయింది.

నేను కార్చిన మోటారులోకి నీళ్ళెలా వచ్చాయి? ఇంటికి మళ్ళాలని చూస్తున్నదెవరు? బావ వైపు తిరిగి నోరు జారాను.

“రాత్రి నువ్వే నింపినవ్ బావా. మోటారు ఆగం చేస్తే మళ్ళిపోతమని చూసినవ్.”

బావ పొయ్యి మీద గిన్నె సర్దుకుంటూ నిలబడ్డాడు. ఆ సర్దుకోవడం కూడా దొంగ పనిలాగే కనిపించింది నాకు. అప్పుడు అక్క మంచం మీద కూర్చుని, చాలా మామూలుగా అంది.

“మోటార్ల నీళ్ళు పోసింది నువ్వే గద తమ్మీ. బిగించినంక నా చేతులకెల్లి చెంబు తీసుకున్నవ్. బుడగలు ఆగెదాంక పోసినవ్.”

ముందు కాదందామనుకున్నాను. వంగి ప్లగ్గు చూశాను. సుద్దగీత గీసింది గీసినట్టే ఉంది, వెంట్రుకంత కూడా తప్పలేదు. నేను మూశాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అప్పుడు గుర్తొచ్చింది, చెంబు చల్లదనం, బుడగలు పైకి రావడం, ఇక చాలనుకోవడం. ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పనిని చేతులు నన్ను అడక్కుండానే చేసేశాయి. నేను బావ మీద కాపలా కాశాను గాని నా చేతుల మీద కాయలేదు. 

తల ఎత్తకుండానే బావను అడిగాను, నువ్వు చూశావా అని. చూశానన్నాడు. మరి చెప్పొద్దా అని అడిగాను.

“పైపు ముక్కను గూడ ఫ్రిజ్‌ల పెట్టి చూసినోనివి,” అన్నాడు బావ. “వద్దంటే ఇంకో చెంబు పోస్తువు.”

కోపంగా అనలేదు. ఎన్నో ఏళ్ళుగా తెలిసిన సంగతిని చెప్పినట్టు చెప్పాడు. పోస్తానా అని ఆలోచించాను. పోస్తాను. ఆయన వద్దన్నందుకే ఇంకొక చెంబు పోసి, బుడగలు ఇంకొంచెం సేపు చూసేవాణ్ణి. తప్పు నాదే బావా అనడానికి నాకు చాలాసేపు పట్టింది. అన్నాక ఆయన ఊఁ కొట్టాడు, అంతే.

అక్క ఇక మళ్ళుదామంది. మంచు లేకపోతే పాయె, క్యాలెండర్ ఉందిగా అంది. పెదవులు అప్పటికే ఎండి ఉన్నాయి. బావ మంచం కిందినుంచి బకెట్టు లాగాడు. మిగిలిన డబ్బాలోని నీళ్ళు సగం కాచి బకెట్టులో పోసి, మగ్గు వేసి, బాత్రూములో పెట్టి వచ్చాడు. బోర్లించిన గ్లాసును తిప్పి, గోరువెచ్చటి నీళ్ళతో నింపి ఆమె చేతికిచ్చాడు. బకెట్టు ఉందిగా, తాగమన్నాడు. అక్క నా ముఖం చూడలేదు, ఆయన ముఖమే చూసి తాగింది.

మధ్యాహ్నం దాటాక మంచు పడింది. అక్క తలుపు దగ్గర శాలువా కప్పుకుని నిలబడి చెయ్యి చాచింది. సున్నం రాలినట్టే ఉందే అంది. మళ్ళీ కాసేపటికి, గోడ మీది బొమ్మలో అది కదలదని అంది. ఎంతసేపు నిలబడిందో మేమెవరమూ చూసుకోలేదు. నడుమ రెండుసార్లు వెనక్కి వెళ్ళి వచ్చింది. రెండుసార్లూ బకెట్టు నింపింది బావే.

చీకటి పడేముందు అక్క గ్లాసు నా వైపు చాచి ఇంకా కొన్ని పొయ్యమంది. నిన్నటి చెంబుతోనే పోశాను. చెంబులో సగం మిగిలాయి. దాన్ని అలవాటుగా మోటారు పక్కనే పెట్టబోయాను. బావ వచ్చి నా చేతిలోంచి చెంబు తీసుకుని, తలుపు తెరిచి, మిగిలిన నీళ్ళు మంచులో పారబోశాడు. ఎందుకని నేను అడగలేదు.