వీరమ్మ మూడుసార్లు చెప్పబోయిన మాట

వెంకటపతి గారి ముందు ఒక్క వాక్యం పూర్తిగా చెప్పి బయటపడ్డవాడు బందరులో లేడు. ఆయన రేవు ఆఫీసులో గుమాస్తా. ఎదుటి మనిషి నోరు తెరిచేసరికే విషయం తనకు తెలిసిపోతుందని ఆయన నమ్మకం. పదిసార్లలో తొమ్మిదిసార్లు నిజంగానే తెలిసేది, అదే వచ్చిన చిక్కు. భార్య కూడా "మీకు తెలుసుగా" అని సగంలో ఆపేసి వంటింట్లోకి వెళ్లిపోయేది.

తొంభైల్లో ఒక కార్తీకమాసం, వాయుగుండం పట్టింది. వేటకెళ్లి తిరిగిరాని పడవల వివరాలు రాసే పని ఆయన మీద పడింది. పొద్దున్నే దివిసీమ నుంచి వీరమ్మ తడిచీరతో వచ్చి నిలబడింది.

"ఎంతమందమ్మా? ఎప్పుడెళ్లారు?"

"నలుగురండీ. మా ఇంటాయన రాంబాబు, పక్కింటి సత్తయ్య, ఇంకో ఇద్దరు. నిన్న తెల్లారగట్ట ఎళ్లారు. పెద్దవల చిరిగిపోయి..."

"వలకి నష్టపరిహారం తర్వాతమ్మా. దానికి కాగితం వేరే ఉంది."

"అది కాదు బాబుగారూ, ఆ వల ఇంట్లోనే..."

"తెలుసమ్మా, తెలుసు. అదీ రాయిస్తాను."

"కాదండీ..." అని ఆవిడ మూడోసారి అందుకునేలోపే ఆయన కాగితం మీద 'తూర్పున, లోతు సముద్రం' అని రాసేశాడు. ఆ నెలలో దివి పడవలన్నీ వెళ్లేది అటే మరి. వెతకడానికి లాంచీ ఆ కాగితం పట్టుకుని బయల్దేరింది.

రెండు గంటల తర్వాత వైర్‌లెస్‌లో లాంచీ నడిపే సరంగు కేకలు పెట్టాడు. "ఇక్కడ ఏం కనపట్లేదండీ! అసలు వాళ్లు ఏ వల పట్టుకెళ్లారు?"

వెంకటపతి తలెత్తాడు. చూస్తే వీరమ్మ ఇంకా గుమ్మం దగ్గరే కూర్చుని ఉంది. ఆయన కలం పక్కన పెట్టి, కుర్చీ ఆవిడ వైపు జరుపుకున్నాడు.

"వల సంగతి చెప్పమ్మా."

ఆవిడ మళ్లీ ఎక్కడ అడ్డొస్తాడోనని ఆయన మొహంలోకే చూస్తోంది. ఆ కాసేపూ నోరు మూసుకుని కూర్చోవడం ఆయనకు ప్రాణసంకటమైంది. పెదవులు కదలబోతే పంటితో బిగబట్టాడు.

"పెద్దవల నన్ను బాగుచెయ్యమని ఇంట్లో వదిలేసి, పీతల వల పట్టుకెళ్లాడండీ. పీతలకి సంద్రంలోకెందుకెళ్తారు? మడ అడవిలోకి ఎళ్తారు. అదే చెప్దామనుకున్నా."

లాంచీ వెనక్కి తిరిగింది. మడ అడవిలో పడవ బోల్తాపడి ఉంది. ముగ్గురు చెట్ల వేళ్లు పట్టుకుని బతికున్నారు, రాంబాబు వాళ్లలో ఒకడు. సత్తయ్య మాత్రం పట్టు జారి కొట్టుకుపోయాడు. లాంచీ వచ్చేసరికి అది జరిగి గంటే అయిందట.

"మీ చలవేనండీ" అంటూ వీరమ్మ దండం పెట్టింది. చెంప మీద కొట్టినా ఆయనకు అంత సిగ్గేసి ఉండేది కాదు.

మూడోరోజు సత్తయ్య భార్య చిట్టెమ్మ వస్తోందని తెలిసి, పై అధికారి ఆయన్ని పక్కకు పిలిచాడు. "అడిగితే గాలి అటు తిరిగిందనుకున్నామని చెప్పండి. అక్కడితో సరి."

ఆవిడ అడగనే అడిగింది. "లాంచీ ముందు తూర్పుకెందుకెళ్లిందండీ?"

గదిలో కలాలన్నీ ఆగిపోయాయి. అధికారి ఇచ్చిన జవాబు వెంకటపతి నాలుక మీద సిద్ధంగా ఉంది. ఆవిడ ఇంకేమైనా అంటుందేమోనని ఆగాడు. ఆవిడ ఆయన్నే చూస్తూ నిలబడింది.

"వీరమ్మ చెప్పబోయిందమ్మా," అన్నాడు, "మూడుసార్లు. నేను విన్లేదు."