నేను తుడిచేసిన పెన్సిల్ గీతలు

మా వడ్రంగి బాబాయి మొన్న మంగళవారం పోయారు. పొద్దున పక్క కొట్టు టైలరు తన షట్టరు కూడా తీయకుండా మా జిరాక్స్ షాపు ముందుకొచ్చి నిలబడ్డాడు. "బాబాయి పోయాడంటమ్మా. మధ్యాన్నం నమాజు అయినాక తీసుకెళ్తారంట" అన్నాడు. నేను అప్పుడు ఎవరిదో ఆధార్ కార్డు తీస్తున్నాను. మాట విన్నాను గానీ మెషిన్ ఆపలేదు. రెండో వైపు కూడా తీసి, కత్తిరించి, ఆ మనిషి చేతికిచ్చి, అప్పుడు కుర్చీలో కూలబడ్డాను. ఏడుపు రాలేదు. నా మీద నాకే ఒళ్ళు మండింది. ఆ మంట ఇంకా చల్లారలేదు కాబట్టే ఇది రాస్తున్నాను.

ఆయన మాకు చుట్టం కాదు. నరసరావుపేటలో మా వీధి చివర ఆయన ఇల్లు, ఇంటి ముందు రేకుల షెడ్డు. వీధిలో హిందువులకీ ముస్లింలకీ అందరికీ ఆయన బాబాయే. చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు ఉండేది. రాసే ముందు దాని మొనని నాలుక మీద తడిపేవారు. కొలతలన్నీ నూళ్ళలో చెప్పేవారు. వడ్రంగి లెక్కలో నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఎవరైనా "సుమారుగా మూడడుగులు బాబాయ్" అన్నారో, ఇక అంతే. "ఆ సుమారు పోయి టైలరుకి చెప్పుకో. గుడ్డ సాగుద్ది. చెక్క సాగదు" అనేవారు, టైలరుకి వినబడేట్టే.

ఇక నా పిచ్చి సంగతి చెప్పాలి. నా చిన్నప్పుడు టీవీలో ఆదివారం పొద్దున ఒక తెలుగు రాకెట్టు సీరియల్ వచ్చేది. కొన్నాళ్ళు వచ్చి, కథ మధ్యలోనే ఆగిపోయింది. దాన్ని మరచిపోలేని వాళ్ళం కొందరం పెద్దయ్యాక ఇంటర్నెట్‌లో ఒకచోట చేరాం. బందరులో ఒక బ్యాంకు ఉద్యోగి, చెన్నైలో ఒక డాక్టరమ్మ, నేను, ఇంకొందరు. పైదేశాల్లో ఇలాంటి సీరియళ్ళ సెట్టు ప్లాన్లు ఏరి, అందరూ చూసేట్టు నెట్‌లో భద్రపరిచే అభిమానులు ఉన్నారని తెలిసి, మన రాకెట్టు ప్లాన్లు కూడా ఎక్కడో ఉండకపోతాయా అని ఏళ్ళ తరబడి వెతికాం. ఒక్క కాగితం దొరకలేదు. మా ఆయన అయితే "లేని రాకెట్టుకి ప్లాను ఎందుకే?" అని ఏడిపించేవారు.

ఒకరోజు బాబాయి పింఛను కాగితం జిరాక్స్‌కి వచ్చారు. నా కంప్యూటర్ మీద ఆ రాకెట్టు లోపలి గది బొమ్మ ఉంది. కళ్ళజోడు పైకి నెట్టుకుని చూశారు.

"ఏందమ్మాయ్, ఇది నేను కట్టిన గదేగా!"

నవ్వాను. ఆయన వయసులో ఉండగా కొన్నాళ్ళు హైదరాబాదులో సెట్టు పనికి పోయారని అప్పటిదాకా నాకు తెలియదు. మర్నాడు పాత లుంగీలో చుట్టిన కాగితాల చుట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టారు. తెల్లకాగితం మీద నీలం గీతలు. మేం వెతుకుతున్న ప్లాన్లు మొత్తం, మా వీధి చివరే, ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ఒక్కో కాగితమూ విప్పి బల్లంతా పరిచేశాను. ఆయనకి మాత్రం నా సంబరం చోద్యంగా ఉంది. "మీకది రాకెట్టు తల్లీ. మాకు ప్లైవుడ్డు, మేకులు, తగరం కాయితం" అన్నారు.

మా పనిలో ఒక అలవాటుంది. మరకలు పడ్డ పాస్‌బుక్కు తెచ్చినా, నలిగిన మార్కుల లిస్టు తెచ్చినా జనం అడిగేది ఒకటే: "నీట్‌గా రావాలమ్మా." అందుకని స్కాన్ చేయగానే మరకా మసీ తీసేయడం నా చేతికి పట్టుబడిపోయింది. ఆ ప్లాన్ల నిండా పెన్సిల్ గీతలు, కొట్టివేతలు, బాణం గుర్తులు, అంకెలు. నీలం గీతలు తప్ప మిగతాదంతా శుభ్రంగా తీసేశాను. ఇంకో అలవాటు, సాయంత్రం షాపు కట్టేటప్పుడు ఆ రోజు స్కాన్ చేసిన అసలు ఫైళ్ళన్నీ చెరిపేయడం. జనాల కార్డులు మన దగ్గర ఉండకూడదు కదా. ఆ చేత్తోనే ఇవీ చెరిపేశాను.

నెట్‌లో పెట్టగానే మావాళ్ళంతా ఆకాశానికెత్తేశారు. బాబాయిని పిలిచి చూపించాను. చాలాసేపు చూశారు.

"చానా శుభ్రంగా ఉన్నయ్. నా రాతలు కనపడటంలా?"

"అవి మురికిగా ఉన్నాయని తీసేశా బాబాయ్."

"సరేలే" అన్నారు. ఆ "సరేలే" దగ్గర నేను ఆగి ఉండాల్సింది. ఆగకపోగా, "ఇంక కంప్యూటర్‌లో భద్రంగా ఉన్నాయి, ఆ కాగితాలు పారేసినా ఏం కాదు" అని తెలివితేటలు ప్రదర్శించాను. ఆ ఏడు ఇంటికి సున్నాలు వేయించేటప్పుడు ఆయన వాటిని పాత పేపర్లతో కలిపి తూకానికి ఇచ్చేశారు. అంత చదువుకున్న పిల్ల చెప్పిందంటే నిజమే అయి ఉంటుందనుకున్నారు.

కొన్నాళ్ళకి చెన్నై డాక్టరమ్మ ఒక ప్రశ్న వేసింది. ప్లానులో తలుపు వెడల్పు నాలుగడుగులు ఉంది కదా, సీరియల్‌లో మాత్రం కెప్టెన్ పక్కకి తిరిగి దూరతాడేం? పరుగున షెడ్డుకి వెళ్ళి అడిగాను.

"ఆ ప్లాను గీసినాయన మద్రాసులో కూసోని గీశాడు. మేం సెట్టు ఏసే గోడౌను చూడలా. మధ్యలో స్తంభం అడ్డమొచ్చింది. కాయితం మీదున్న రాకెట్టు ఎవురూ కట్టలా అమ్మాయ్. కట్టిన లెక్కంతా పెన్సిల్‌తో రాసుకున్నా."

"మరి నేను తీసేస్తుంటే చెప్పలేదేం బాబాయ్?"

"గీసినాయన పెద్దాయన. నా గీతలు మురికంటివి. నిజమేనేమో అనుకున్నా."

మా ఆయన మాట నిజమైంది. లేని రాకెట్టు ప్లానే దాచాను. ఉన్నదాన్ని చెరిపేశాను. ఆయన మాత్రం ఒక్క మాట విసుక్కోలేదు. "బుర్రలో ఉందిలే, రాసుకుందువుగాని" అన్నారు.

అలా ఆదివారాలు కూర్చోవడం మొదలుపెట్టాం. ఆయనకి కొలత నోట్లో ఉండదు, చేతుల్లో ఉంటుంది. కళ్ళు మూసుకుని, చెక్క పట్టుకున్నట్టు రెండు చేతులూ చాపి, కాస్త దగ్గరికి, కాస్త దూరంగా సర్దుకుని, అప్పుడు అంకె చెప్పేవారు. ఆ చేతుల మధ్య నేను టేపు పెట్టి చూస్తే నూలు తేడా వచ్చేది కాదు. నేను ప్లాను ప్రింటు మీద పెన్సిల్‌తోనే రాసేదాన్ని. గది అయింది, కుర్చీలయ్యాయి, కిటికీలయ్యాయి. తలుపు మిగిలింది.

ఆ ఆదివారం కళ్ళు మూసుకుని చేతులు చాపారు. "ఒక అడుగు నాలుగంగుళాల..." అని ఆగారు. నా ఫోను మోగింది. కాలేజీ అప్లికేషన్లకి అదే చివరి రోజు, షాపు ముందు జనం నిలబడ్డారట. "వచ్చే ఆదివారం రాసుకుందాం బాబాయ్" అని లేచాను. ఆయన చేతులు దించి, "పోయిరా. తలుపు యాడికి పోద్ది" అన్నారు.

వచ్చే ఆదివారం వెళ్ళలేదు. ఆ పైదీ వెళ్ళలేదు. అడ్మిషన్ల సీజను కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఈలోగా జ్వరమన్నారు, గుంటూరు తీసుకెళ్ళారన్నారు. మంగళవారం నాడు వాళ్ళింటికి వెళ్తే పిన్ని నా చెయ్యి పట్టుకుని, "ఆస్పత్రిలో కూడా, జిరాక్స్ అమ్మాయి రాలేదా అని అడిగాడమ్మా" అంది.

తలుపు ప్లాను నిన్న నెట్‌లో పెట్టాను. కట్టింది ఎవరో కింద పేరు రాశాను, ముందే రాయాల్సిన పేరు. కొలత దగ్గర ఎన్ని నూళ్ళో రాయకుండా ఖాళీ వదిలాను. బందరాయన ఫోన్ చేసి, సీరియల్ బొమ్మని బట్టి లెక్కగట్టి నింపేద్దామన్నాడు. వద్దన్నాను.

ఆయన చేతులు చాపి కళ్ళు మూసుకున్నప్పుడు ఆ కొలత అక్కడే ఉంది, ఆ రెండు అరచేతుల మధ్య, నా ఎదురుగా. టేపు నా ఒళ్ళోనే ఉంది. నేను ఫోను అందుకున్నాను.