మంచిగుంది అనకూడని గది

నేతిలో వేపపువ్వు వేగుతున్న వాసన ఈ ఉదయం ఇల్లంతా పట్టుకుంది. మెల్బోర్న్ శివార్లలో, ఈ పాయింట్ కుక్‌లో మా ఉగాది ఆకులు రాలే కాలంలో వస్తుంది. పెరట్లో ప్లమ్ చెట్టు ఎర్రబడి ఆకులు దులుపుకుంటుంటే, నేను ఇండియన్ షాపులో కొన్న ఎండు పువ్వుతో వసంతాన్ని పిలుస్తుంటాను. ఒక్క పువ్వు నాలుక మీద వేసుకున్నాను. చేదు గొంతుదాకా పాకింది. ఆ చేదుతో పాటే రాజ్యలక్ష్మి ఆంటీ వచ్చేశారు.

ఆవిడ నా మొదటి బాస్. మెల్బోర్న్‌లో ఒక బిస్కెట్ల కంపెనీలో రుచి చూసే గదికి పెద్ద. కంపెనీ ఏ కొత్త బిస్కెట్ చేసినా ముందు ఆవిడ నాలుకని ఒప్పించాలి. నేను నల్గొండ నుంచి వచ్చి, ఇక్కడి యూనివర్సిటీలో ఫుడ్ సైన్స్ చదివి, చాలా తెలుసనుకుంటూ ఆ గదిలో అడుగుపెట్టాను. తెల్లటి గోడలు, చిన్న చిన్న గిన్నెలు, నోరు కడుక్కోవడానికి గోరువెచ్చని నీళ్లు. ఆవిడ ఒక బిస్కెట్ చేతిలో పెట్టి ఎలా ఉందని అడిగారు.

"మంచిగుంది ఆంటీ."

అందరూ నవ్వారు. ఆఫీసులో ఆవిడ అందరికీ రాజీ. నాకు మాత్రం అంత పెద్దావిడని పేరు పెట్టి పిలవడానికి నోరు రాలేదు.

"ఆంటీ అంటే అన్నావులే, పర్లేదు," అన్నారు ఆవిడ గుంటూరు యాసలో. "కానీ మంచిగుంది అనేది రుచి కాదమ్మాయ్. ముందు ఏం తగిలింది? తర్వాత ఏం తగిలింది? మింగాక ఏం మిగిలింది? అది చెప్పు. ఈ గదిలో ఆ మాట ఇంకోసారి వినపడకూడదు."

ఆ మూడు ప్రశ్నలు ఏడాది పాటు నా ప్రాణం తోడేశాయి. ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చున్నా అవే. ఆవిడంటే ఒళ్లు మండేది కూడా. కానీ అప్పటిదాకా నేను తిన్నానే గాని రుచి చూడలేదని ఒప్పుకోక తప్పలేదు. మా అమ్మ పంపిన చింతకాయ తొక్కులో మెంతుల చేదు చివర్లో వస్తుందని నాకు తెలిసింది మెల్బోర్న్‌లోనే.

కొన్నేళ్లకి ఒక చలికాలం ఆవిడకి వైరల్ జ్వరం వచ్చింది. తగ్గింది గాని, పోతూ పోతూ నాలుకని కూడా పట్టుకుపోయింది. తీపి లేదు, ఉప్పు లేదు, ఏ వాసనా లేదు. డాక్టర్లు ఓపిక పట్టమన్నారు. ఆవిడ ఎనిమిది నెలలు ఓపిక పట్టి, మళ్లీ చలికాలం వచ్చేలోగా రుచి తిరిగి రాకపోతే కుర్చీ వదిలేస్తానని కంపెనీకి చెప్పేశారు. అప్పటికే జపాన్‌కి టికెట్లు కొని ఉన్నారు. అక్కడ ఏ కాలానికి ఆ కాలపు తిండే తింటారని, వాళ్ల వసంతాన్ని ఒక్కసారి నోటితో చూడాలని ఆవిడకి ఎప్పటి నుంచో కోరిక. "రుచే తెలియనప్పుడు అంత దూరం ఎందుకు?" అన్నారట అంకుల్.

"ఆయన రాడు. నువ్వు రా," అన్నారు నాతో. "నేను తింటాను, నువ్వు చెప్పు."

అలా నేను ఆవిడ నాలుకనై బయలుదేరాను.

క్యోటోలో నది ఒడ్డున చెర్రీ చెట్లు విరగబూసి ఉన్నాయి. జనం వాటి కింద చాపలు పరుచుకుని, డబ్బాలు విప్పుకుని, నవ్వుకుంటూ తింటున్నారు. మేమూ ఒక మూల కూర్చున్నాం. ఉప్పులో ఊరిన చెర్రీ ఆకు చుట్టిన గులాబీ రంగు బియ్యపు ముద్ద కొన్నాం. ఇద్దరం ఒకేసారి కొరికాం. ఆవిడ కళ్లు మూసుకున్నారు.

"ముందు ఉప్పు, ఆంటీ. ఆకుది. దాని వెనక నుంచి తీపి నెమ్మదిగా వస్తున్నది. లోపల ఎర్ర బీన్స్ ముద్ద, మన పూర్ణం లెక్కనే, కానీ ఇంకా మెత్తగున్నది. మింగినంక ఎండిన పచ్చగడ్డి వాసన మిగిలింది."

ఆవిడ నమిలి, తలూపి, "థాంక్స్ అమ్మాయ్," అన్నారు. ఆ థాంక్స్ వింటే నాకు ఏడుపొచ్చింది. నన్ను తిట్టినా బాగుండేది.

తర్వాత కొండల్లో ఒక బౌద్ధాలయంలో బసకి వెళ్లాం. చేప ముక్క కాదు కదా, చేప ఉడికించిన నీళ్లు కూడా కలపని వంట. ఉల్లి, వెల్లుల్లి లేవు. ఇద్దరం శాకాహారులమే కాబట్టి ప్రాణం లేచొచ్చింది. చిన్న పీటంత బల్ల మీద ఒక్కొక్కటీ ఒక్కో గిన్నెలో పెట్టారు. నేను వేడివేడి సూప్‌ని చారులా అన్నం మీద పోసుకుని, చేత్తో కలిపేశాను. వడ్డించే పెద్దావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇది పెళ్లి భోజనం కాదే తల్లీ!" అని ఆంటీ పకపకా నవ్వారు. ఎనిమిది నెలల తర్వాత ఆవిడ నవ్వు వినడం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున బయట ఇంకా అక్కడక్కడ మంచు ఉంది. ఆ పెద్దావిడ వేడి బజ్జీల్లాంటివి తెచ్చి పెట్టింది. మంచు కరిగిన చోట నేలలోంచి మొదట పొడుచుకొచ్చే మొగ్గలట. చలికాలమంతా పడుకున్న ఎలుగుబంటి లేవగానే ముందు వీటినే తింటుందని ఫోన్‌లో తర్జుమా చేసి చూపించింది. నేను కొరికి, మొహం చిట్లించి, చెప్పడానికి నోరు తెరిచేలోగా ఆంటీ చెయ్యి పైకెత్తి ఆపారు.

"ఉండు. నువ్వు చెప్పకు."

ఆవిడ నమలడం ఆపేశారు. మొహం నాలాగే చిట్లింది.

"చేదు!" అని అరిచారు. "అమ్మాయ్, చేదే!"

నేను లేచి నిలబడిపోయాను. "ముందు ఏం తగిలింది ఆంటీ?"

"ముందు ఏమీ లేదు. కరకర మాత్రం తెలిసింది. తర్వాత నాలుక చివరెక్కడో చేదు. మింగాక కూడా చేదే. ఇంకా ఉంది, చూడు, ఇంకా ఉంది!" ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు, నా వాటావి కూడా లాక్కుని తినేస్తున్నారు. "ఆ ఎలుగుబంటిని నేనే. ఇవాళేంటో తెలుసా? ఉగాది! మర్చిపోయావు కదూ?"

నిజంగానే మర్చిపోయాను. ఆస్ట్రేలియా వచ్చాక వసంతంలో వచ్చిన ఉగాది అదొక్కటే.

ఆ తర్వాత పులుపు వచ్చింది, ఉప్పు వచ్చింది, వాసనలూ కొన్ని తిరిగొచ్చాయి. తీపి మాత్రం రాలేదు. బిస్కెట్ల కంపెనీలో తీపి తెలియకుండా ఎలా? అన్న మాట ప్రకారం ఆవిడ కుర్చీ దిగి, నన్ను కూర్చోబెట్టారు. ఇప్పుడు పెర్త్‌లో, పియారా వాటర్స్‌లో కొడుకు ఇంటి దగ్గర ఉంటున్నారు.

ఇవాళ పచ్చడి కలుపుతుండగా ఫోన్ వచ్చింది. ఏటా వస్తుంది.

"వేపపువ్వు సంగతి నేను చూసుకుంటాలే," అన్నారు. "బెల్లం ఎలా ఉందో చెప్పు."

ఒక ముక్క నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాను. "ఇట్స్ జస్ట్ జాగరీ, అమ్మా," అంది పక్కనుంచి నా కూతురు. దాన్ని చేత్తో ఆపాను.

"ముందు సన్నగా ఉప్పదనం, ఆంటీ. తర్వాత చెరుకు రసం కాగుతున్నప్పటి తీపి, నోరంతా నిండుతున్నది. మింగినంక చివర్ల కొద్దిగ పొగ మిగిలింది."

అటునుంచి చిన్నగా కొరికిన చప్పుడు వచ్చింది. ఆవిడ కూడా ఒక ముక్క నోట్లో పెట్టుకున్నారని నాకు తెలుసు.

"మంచిగుంది," అన్నారు ఆంటీ.